మామ్మగారికి చదివిన గీషా నవలలు

స్కార్‌బరోలో ఆ ఇంట్లో నాకు దొరికిన పనేమిటో చెబితే మా క్లాసులో ఎవరూ నమ్మలేదు. ఇండియా నుంచి కెనడాకు స్టూడెంట్లు విమానాలకు విమానాలు దిగుతున్న రోజులవి. నాతో చదివేవాళ్ళు వేర్‌హౌసుల్లో పెట్టెలు మోసి నడుములు పట్టేసి వచ్చేవారు, కాఫీ షాపుల్లో నిలబడి నిలబడి కాళ్ళు వాచి వచ్చేవారు. నేను మాత్రం ఒక ముసలావిడ పక్కన కుర్చీ వేసుకుని జపానులో ఆటపాటలతో బతికే గీషాల కథలు చెప్పేదాన్ని. అందుకు బదులుగా నాకు మేడమీద ఒక గది ఇచ్చారు. దానికి ఒక కిటికీ, లోపలినుంచి గడియ పెట్టుకోగలిగే తలుపు ఉండేవి.

గడియ ఉన్న తలుపంటే ఏమిటో బేస్‌మెంటులో బతికినవాళ్ళకే తెలుస్తుంది. అంతకుముందు నేనున్నచోట గదికి నలుగురైదుగురం. పగటి షిఫ్టుకు వెళ్ళినదాని పరుపుమీద రాత్రి షిఫ్టు చేసొచ్చింది పడుకునేది. దుప్పటి ఎవరిదో, దగ్గు ఎవరిదో తెలిసేది కాదు. అక్కడ ఉండి నేను సబ్జెక్టులు పోగొట్టుకున్నాను. ఇంకొక్కటి పోతే కాలేజీ ఊరుకోదు, కాలేజీ పోతే స్టడీ పర్మిట్ ఉండదు. మిగిలింది ఆఖరి సెమిస్టరు. అది గట్టెక్కేదాకా ఆ మేడగది నాకు ప్రాణంతో సమానం. ఆ సంగతి ఆ ఇంటావిడకూ బాగా తెలుసు.

ఇంటావిడ రిటైరైన డాక్టరు. అందరికీ డాక్టర్ ఆంటీ. ఆవిడ భర్త రిటైరైన ఇంజినీరు, మాట్లాడటం కన్నా తలూపడం ఎక్కువ. ముసలావిడ ఆయన తల్లి. నేను మామ్మగారూ అనేదాన్ని. గోదావరి జిల్లా మనిషి. భర్త రైల్వేలో పనిచేసి దేశమంతా తిరిగారట, ఆయన పోయాక కొడుకు దగ్గరికి కెనడా వచ్చి చాలా ఏళ్ళయింది. ఆవిడ చూపు మందగించింది గానీ నోరు మందగించలేదు. మొదటిరోజు నా గొంతు విని, "బొంగురు గొంతు. సర్లే, కూర్చో. మేక గొంతైనా కబుర్లకి ఆ మాత్రం ఉంటే చాలు," అన్నారు. నాకు ఒళ్ళు మండింది. కానీ కూర్చున్నాను.

జపాను కథలు ఎలా వచ్చాయంటే, డాక్టర్ ఆంటీకి ఒక బుక్ క్లబ్ ఉండేది. స్కార్‌బరో నుంచీ మార్కమ్ నుంచీ తెలుగు ఆంటీలు, అందరూ చదువుకున్నవాళ్ళు, ఒక్కోసారి ఒక్కొక్కరింట్లో కలిసేవారు. పుస్తకానికి తగ్గ వేషం వేసుకోవడం వాళ్ళ ఆచారం. రష్యా నవలైతే తలకు రుమాళ్ళు, ఆఫ్రికా నవలైతే పూసల దండలు. పుస్తకం సగమే చదివినా వేషం మాత్రం పూర్తిగా వేసేవారు. ఆ చలికాలం వాళ్ళకు గీషాల మీద మనసు పడింది. ఆంటీ బల్లమీద వదిలేసిన నవల అట్టమీద తెల్లటి మొహం, చుక్కంత ఎర్రటి పెదవి చూసి, ఇదేంటో చెప్పమన్నారు మామ్మగారు. చెప్పాను. మొదటినుంచీ చదవమన్నారు.

ఇంగ్లీషు వాక్యాన్ని కళ్ళతో చదివి, తెలుగులో పైకి చెప్పాలి. మొదట్లో నత్తినత్తిగా సాగేది. మర్నాటి భాగాన్ని బస్సులో చూసుకునేదాన్ని, మాటలు వెతుక్కునేదాన్ని. ఒకటి అయ్యాక మామ్మగారు ఇంకోటి కావాలన్నారు. ఆంటీల క్లబ్బుకు రెండు నవలలు చాలాయి గానీ మామ్మగారికి చాల్లేదు. లైబ్రరీలో జపాను గీషాలమీద, పాత కాలపు వేశ్యావాటికలమీద ఉన్న నవలలన్నీ ఒకదాని తర్వాత ఒకటి మోసుకొచ్చాను.

ఆవిడ వినే తీరు వేరు. కథానాయిక ఏడ్చినచోట ఏడవరు. పసిపిల్లని గీషా ఇంటికి అమ్మేసిన అధ్యాయం చెబుతూ నేను ఆగిపోతే, "ముందుకి పద, ముందుకి పద," అన్నారు. కానీ పిల్లలకు శీతాకాలం తెల్లవారకముందే కిటికీలు తెరిచి, వేళ్ళు చిట్లేదాకా షామిసెన్ వాయించడం నేర్పుతారని, అది మన వీణలాంటిదని చెప్పినప్పుడు మాత్రం లేచి కూర్చున్నారు. "మరి గొంతుకో? గొంతుకి ఏం చేయిస్తారు? మనవేపు పీకల్లోతు నీళ్ళలో నుంచోబెట్టి పాడించేవారు." తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "అని విన్నాను," అన్నారు.

గీషాలు మొహమంతా తెల్లరంగు పూసుకుని వెనక మెడమీద కొంచెం చోటు ఖాళీగా వదిలేస్తారని చదివితే, ఆవిడ పెద్దగా నవ్వారు. "తెలివైనవాళ్ళే. అంతా చూపిస్తే చూసేవాడికి పనేముంటుంది?" గీషా వేరనీ, వేశ్య వేరనీ, గీషా కళాకారిణి అనీ, వేశ్య నడుముపట్టీ ముడి ముందుకి కట్టుకుంటుందనీ ఒక రచయిత పేజీలకు పేజీలు రాస్తే, మామ్మగారు చెయ్యి విదిలించారు. "ఆ తేడా పుస్తకాల్లోనే పిల్లా. ఊళ్ళోవాళ్ళకి ఇద్దరికీ ఒకటే మాట."

మరో రచయిత నాట్యం చేసే సన్నివేశం బాగా రాశాడని నేను మెచ్చుకుంటే, "వాడు బయట కూచుని చూసినవాడు. లోపలున్నవాళ్ళకి అది నాట్యం కాదు, చాకిరీ," అని కొట్టిపారేశారు. కన్నెరికం వేలంపాట వచ్చే అధ్యాయం ఏ నవలలో వచ్చినా దాటేయమనేవారు. ఎందుకని ఒకసారి అడిగాను. "నీకెందుకే? దాటెయ్యి," అన్నారు.

నాకు అప్పుడే అనుమానం వచ్చింది. ఎందుకంటే మా అమ్మమ్మ కూడా కళావంతుల ఇంటి మనిషి. ఈ మాట నేను పెద్దయ్యేదాకా మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. మా అమ్మ టీచరు, మర్యాదస్తురాలు. అమ్మమ్మ నాకు చాపమీద కూర్చోబెట్టి ఒక పదం, అభినయం పడుతూ పాడే పాట, నేర్పుతుంటే గుమ్మంలోంచి చూసి, లోపలికి వచ్చి, మా కిందినుంచి చాప లాగేసింది. ఆ పదం సగంలో ఆగిపోయింది. అమ్మమ్మ మళ్ళీ నేర్పలేదు, తర్వాత పోయింది.

ఆ పదంలో ఆలస్యంగా ఇంటికొచ్చిన ప్రియుణ్ణి నాయిక అడుగుతుంది, ఈ దారి నీకెలా గుర్తొచ్చిందని. ఆ ఒక్క మాటనే మళ్ళీ మళ్ళీ పాడాలి. లేచి ఆడకూడదు. కూర్చునే, కళ్ళతో చేతులతో ఒక్కోసారి ఒక్కో అర్థం చెప్పాలి. మొదట కోపం. తర్వాత వెక్కిరింత. తర్వాత ఏడుపు. ఆఖరిసారి ఏముందో నాకు తెలియదు. చాప లాగేసింది అక్కడే.

చలికాలం చివర్లో మొదలుపెట్టిన నవల మామ్మగారికి అన్నిటికన్నా నచ్చింది. ఒక గీషా ఇంట్లో ఇద్దరు, పెద్దది, చిన్నది. పెద్దదే చిన్నదానికి వాయించడం, కూర్చోవడం, కప్పు పట్టుకోవడం అన్నీ నేర్పుతుంది. ఆదరించే ప్రభువు పోయాక ఆ ఇల్లు ఒక్కరినే పోషించగలదు. అప్పుడు పెద్దది ఇంటి యజమానురాలి దగ్గరికి వెళ్ళి చిన్నదాని పుట్టుక గురించి ఒక నిజం చెబుతుంది. చిన్నదాన్ని వానలో గెంటేస్తారు. అది చెబుతూ నేను నిజంగానే ఏడ్చాను.

"ఏడుస్తావేం?" అన్నారు మామ్మగారు.

"అంత నేర్పింది కదా మామ్మగారూ, ఎలా గెంటించగలిగింది?"

"కూచోడానికి ఉన్నది ఒకటే పీట. దాని మీద అప్పటికే అది కూచుంది. లేవమంటావా?"

రెండు అధ్యాయాలు మిగిలాయి. మర్నాడు ఆంటీల క్లబ్బు మా ఇంట్లోనే కావడంతో చదవడం ఆగిపోయింది.

ఆ మధ్యాహ్నం ఆంటీలందరూ వచ్చారు. మార్కమ్‌లోని చైనా వాళ్ళ మాల్‌లో కొన్న పూల గౌన్లు కిమోనోలని చెప్పి కప్పుకున్నారు. మొహాలకు పౌడరు దట్టించుకున్నారు. ఒకావిడ జడముడిలో భోజనం చేసే పుల్లలు గుచ్చుకుంది. నాకూ ఒక గౌను ఇచ్చి టీ పొయ్యమన్నారు. మోకాళ్ళమీద కూర్చుని పొయ్యాలట. పోశాను. మామ్మగారు మూల కుర్చీలో శాలువా కప్పుకుని ఉన్నారు, అంకుల్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.

చర్చ మొదలైంది. అందరిలోకీ గొంతు పెద్దది మార్కమ్ ఆంటీది.

"ఎంత గ్రేస్‌ఫుల్‌గా ఉంటారు కదా వాళ్ళు! టీ కూడా ఒక ఆర్ట్. ఆ డిసిప్లిన్ చూడండి."

"మన దగ్గర అలాంటి ట్రెడిషన్ లేదు," అంది ఇంకొకావిడ.

"మన దగ్గర ఉన్నది భోగం మేళాలు కదండీ," అంది మార్కమ్ ఆంటీ. "ఛీ. దానికీ దీనికీ పోలికేంటి? మా తాతగారి పెళ్ళికి మేళం పెట్టారని మా నాయనమ్మ చచ్చేదాకా తిడుతూనే ఉండేది. వీళ్ళు ఆర్టిస్ట్‌లు."

అందరూ నవ్వారు. పొరుగింటి పుల్లకూర రుచి అంటే ఇదే. సముద్రాలవతల ఆడది రంగు పూసుకుని పరాయి మగవాళ్ళ ముందు పాడితే కళ. మా అమ్మమ్మ పాడితే ఛీ. కోపం వస్తే నేను నోరు మూసుకోలేను, అది నా పుట్టుకలోనే ఉంది.

"ఎవరైనా పాడండి. గీషా పాడకపోతే పార్టీ ఏంటి?" అంది డాక్టర్ ఆంటీ.

"నేను పాడతాను ఆంటీ," అన్నాను.

కెటిల్ పక్కన పెట్టి అక్కడే కార్పెట్ మీద సరిగ్గా కూర్చున్నాను. అమ్మమ్మ పదం ఎత్తుకున్నాను. బొంగురు గొంతే, కానీ మాట స్పష్టంగా వచ్చింది. మొదటిసారి కోపం చూపించాను. ఆంటీలు ముచ్చటగా చూశారు. రెండోసారి వెక్కిరింత, కనుబొమతోనే. ఎవరో "వావ్" అన్నారు. మూడోసారి ఏడుపు. అది నాకు నటన కాదు. నాలుగోసారి అదే మాట పాడాను, చెయ్యి లేచింది, ఎక్కడికి వెళ్ళాలో తెలియక గాల్లో ఆగిపోయింది.

మూల కుర్చీలోంచి "చ్చ్" అని వినిపించింది. సంగీతం మాస్టర్లు శిష్యుడు తప్పితే అనే చప్పుడు అది. తిరిగి చూశాను. శాలువాలోంచి మామ్మగారి కుడిచెయ్యి బయటికొచ్చింది. ముడతలు పడ్డ చెయ్యి, కానీ వణకలేదు. రెండు వేళ్ళు కలిసి, గుండెల దగ్గర నెమ్మదిగా పక్కకి జరిగాయి. గడియ తియ్యడం అది. అంత తిట్టి, అంత ఏడ్చి, చివరికి ఆ నాయిక తానే లేచి తలుపు తీస్తుంది. ఆవిడ కళ్ళు కూడా ఆ వేళ్ళ వెంబడే వెళ్ళాయి, సగం చూపులేని కళ్ళు. అంత అందమైనది నేను మళ్ళీ చూడలేదు.

గదిలో అందరూ చూశారు.

"అత్తయ్యగారూ! మీకూ వచ్చా ఇది?" అంది మార్కమ్ ఆంటీ, నవ్వుతూ. నవ్వు మధ్యలోనే ఆ ప్రశ్నకు అర్థమేమిటో ఆవిడకు తట్టినట్టుంది, నవ్వు ఆగిపోయింది. అంకుల్ తేలు కుట్టిన దొంగలా వంటింట్లోకి వెళ్ళిపోయి కొళాయి తిప్పారు. ఆయనకు తెలుసన్నమాట. డాక్టర్ ఆంటీ అత్తగారి వైపు చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉండి ఆవిడకు తెలియదు.

మామ్మగారి చెయ్యి శాలువాలోకి వెళ్ళిపోయింది.

"మా ఊళ్ళో పెళ్ళిళ్ళకి మేళాలొచ్చేవి. చిన్నప్పుడు చూసి చూసి అలవాటు," అన్నారు ఆవిడ. గొంతు ఏమాత్రం తొణకలేదు. "నేను చూసినదాన్ని. ఇది చేసేది. తేడా తెలీట్లేదా మీకు? కూచుని అలా అభినయం పట్టడం సంసారుల ఇళ్ళల్లో ఎవరు నేర్పుతారు? అడగండి దాన్ని, ఎవరు నేర్పారో."

అందరి కళ్ళూ నా మీదికి తిరిగాయి.

"మా అమ్మమ్మ," అన్నాను.

"విన్నారుగా. అది భోగందాని మనవరాలు. దాన్ని ఇంట్లో పెట్టుకుని నా పక్కన కూచోబెట్టారు. పంపించెయ్యండి."

నాకు నోటిదాకా వచ్చింది, మరి మీకెవరు నేర్పారు మామ్మగారూ అని. అడిగి ఉంటే ఆ ఇల్లు ఆ పూటే రెండయ్యేది. అడగలేదు. మంచితనంతో కాదు. ఆ గదిలో ఒక్కొక్కరి మొహంలోనూ తేలికపడటం చూశాను. వాళ్ళకు ఒక మనిషి కావాలి, నేను దొరికాను. నేను ఏమన్నా నా గది నాకు మిగలదని అర్థమైంది. పౌడరు మొహాలతో ఆంటీలు నేను పోసిన టీ కప్పుల్ని బల్లమీద దించేశారు. ఒకావిడ తన కప్పుని కాస్త దూరంగా జరిపింది. ఆ జరపడం నేను ఇప్పటికీ క్షమించలేదు.

మర్నాడు పొద్దున్న డాక్టర్ ఆంటీ చాలా మర్యాదగా మాట్లాడింది. కెనడాలో ఉన్న పెద్దమనుషులందరూ గెంటేటప్పుడు మర్యాదగానే మాట్లాడతారు.

"నీ తప్పని కాదమ్మా. అత్తయ్యగారికి బీపీ. నిన్ను చూస్తే డిస్టర్బ్ అవుతున్నారు. సండేకల్లా ఏదైనా చూసుకో."

"ఎగ్జామ్స్ అయ్యేదాకా ఉండనివ్వండి ఆంటీ. ఇంకే సబ్జెక్టూ పోకూడదు నాకు. మీకు తెలుసు కదా."

"తెలుసమ్మా. నేనేం చెయ్యను? ఇంట్లో పెద్దావిడ మాట."

నేనున్నన్నాళ్ళూ ఆ పెద్దావిడ అడిగిన కూర ఒక్కపూట వండిన పాపాన పోలేదు ఆవిడ. ఆ పెద్దావిడ మాట ఆ ఒక్కరోజే చెల్లింది.

తర్వాత ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను. మళ్ళీ అదే బేస్‌మెంటుకు వెళ్ళాను, సగం పరుపు దొరికింది. పరీక్ష పోయింది, దాంతో కాలేజీ పోయింది. పర్మిట్‌కి మళ్ళీ అప్లై చేసుకుని, ఎడ్మంటన్ వెళ్ళి కొత్త కాలేజీలో మొదటినుంచీ మొదలుపెట్టి, ఇప్పటికి ఒక ఒడ్డుకు చేరాను. ఎవరి దయవల్లా కాదు.

ఆదివారం పెట్టె సర్దుకుని కిందికి దిగాను. ఆంటీ, అంకుల్ బయటికి వెళ్ళారు, నేను వెళ్ళేటప్పుడు ఇంట్లో ఉండటం ఇష్టంలేకే అనుకుంటాను. మామ్మగారు ఒక్కరే కుర్చీలో ఉన్నారు. అడుగుల చప్పుడుకే పోల్చుకున్నారు.

"వెళ్తున్నావా?"

"వెళ్తున్నాను. మామ్మగారూ, ఆ ఆఖరి ముద్ర ఇంకొక్కసారి చూపించండి. ఇంట్లో ఎవరూ లేరు."

ఆవిడ రెండు చేతులూ శాలువా కింద దాచుకున్నారు. "ఏ ముద్ర? నాకేం తెలుసే?"

నేను చూడాల్సింది ఒకసారి చూశాను. నాకు అది చాలు. కానీ ఆ దాచుకోవడం చూశాక నాలో ఏదో గడ్డకట్టింది. ఆ ఇంట్లో పదం తెలిసినవాళ్ళం మేమిద్దరమే. ఎదురుగా నేనొక్కదాన్నే ఉన్నా ఆవిడ చేతులు బయటికి రాలేదు.

పెట్టె ఎత్తుకున్నాను. గుమ్మం దాకా వెళ్ళాక వెనకనుంచి పిలిచారు.

"ఏమే. ఆ పుస్తకం... చివర్లో ఏమైందే? పెద్దది ఏమైంది?"

ఆవిడ గొంతు మొదటిసారి చిన్నపిల్ల గొంతులా ఉంది. నేను వెనక్కి తిరిగి, చదివేటప్పటి గొంతుతోనే చెప్పాను.

"పెద్దదే గెలిచింది మామ్మగారూ. చచ్చేదాకా ఆ ఇంట్లోనే ఉంది. ఎవరికీ ఏమీ తెలియలేదు. పాట గురించి దానితో మాట్లాడే మనిషి మాత్రం మళ్ళీ ఒక్కరు కూడా ఆ గుమ్మం తొక్కలేదు."

మామ్మగారు శాలువాని మెడదాకా లాక్కున్నారు.

"అంతేలే," అన్నారు. "తలుపేసి వెళ్ళు."

వేశాను.

ఆ రెండు అధ్యాయాలూ నేను ముందే బస్సులో చదివేశాను. పుస్తకంలో అలా లేదు. పెద్దది ముసలిదై, వేళ్ళు కొంకర్లుపోయి, ఎవరూ పలకరించని ఇంట్లో ఉన్నప్పుడు, చిన్నది తిరిగొస్తుంది. ఒక్క తిట్టు తిట్టదు. షామిసెన్ తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టి, వెనకనుంచి తన చేతుల్ని ఆవిడ చేతులమీద వేసి వాయిస్తుంది. ఆ పేజీలు వింటే మామ్మగారికి ప్రాణం లేచొచ్చేది. అది తెలిసే చెప్పలేదు. పుస్తకాన్ని లైబ్రరీ బయట డబ్బాలో పడేసి, పెట్టె లాక్కుంటూ బేస్‌మెంటుకు నడిచాను.